మైనం పళ్లు

మహబూబాబాద్,
మే 19, ఆదివారం

చిరంజీవి మనోరమకు,

బాపు ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నామని రాసే అలవాటు చేతికి ఇంకా పోలేదు. రాసి, కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టాను. ఇక్కడ ఉన్నది నేనొక్కడినే. పని నడుస్తోంది. నువ్వూ, నీ గదిలోని పిల్లలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. పరీక్షలయ్యేదాకా నర్సింగ్ హాస్టల్లో ఫోన్లు తీసి పెట్టుకున్నారని రాశావు. నీకు కష్టంగానే ఉంటుంది. నాకు మాత్రం మంచిదే అయింది. ఫోన్లో నీ గొంతు వింటే చెప్పాల్సింది చెప్పను. "బాగున్న బిడ్డా" అని పెట్టేస్తాను. కాగితం మీద తప్పించుకోవడం కొంచెం కష్టం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

భూపాలపల్లి బొగ్గు దుమ్ముకు దగ్గు వస్తోందని రాశావు. నువ్వు మామూలుగానే రాశావు. నేను మామూలుగా చదవలేకపోయాను. వార్డుకు పోయేటప్పుడు ముక్కుకు బట్ట కట్టుకో. మీ మేడమ్‌కు ఒకసారి చూపించుకో. దగ్గు అనేది నాకు ఇప్పుడు చిన్న మాట కాదు.

జనగామలో మీ మేనత్త గృహప్రవేశానికి నేనెందుకు పోలేదని అడిగావు. అత్త ఏడ్చిందని కూడా రాశావు. పని ఉందని ఆమెకు చెప్పాను. ప్రస్తుతానికి నీకూ అదే జవాబు. ఉత్తరం చివరికి వచ్చేసరికి అసలు జవాబు రాయగలిగితే రాస్తాను.

ఏం వండుకుంటున్నావని అడిగావు. వండుకుంటున్నాను.

నీ వార్డులో ఒక తాత కట్టుడు పళ్లు కడిగి ఇస్తూ, వీటిని ముందు మైనంలో ఎందుకు పేరుస్తారని నీకు అనుమానం వచ్చిందట. ఇన్నేళ్లలో నా పని గురించి నువ్వు అడగడం ఇదే మొదలు. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మైనంలో ఉన్నంతసేపు తప్పు దిద్దుకోవచ్చు. అదీ కారణం. డాక్టరమ్మ నోటి కొలత తీసి పంపిస్తుంది. నేను ప్లాస్టర్‌తో చిగుళ్ల అచ్చు పోస్తాను. పైదవడ, కిందిదవడ అచ్చులను ఒక ఇనుప మడతబందుకు బిగిస్తే అది మనిషి నోరులాగే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. చిగురు ఉండాల్సిన చోట గులాబీరంగు మైనం దిమ్మ కడతాను. స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి వేడి చేసి, మైనం కరిగించి, పన్ను నిలబెడతాను. ముందు పైవరుసలో నడిమి రెండు. అవి ముక్కుకు సూటిగా ఉండాలి. పెదవి కింద ఎంత కనపడాలో అంతే కనపడాలి. పెదవి మూల దగ్గరికి కోరపన్ను రావాలి. దవడ పళ్లు చిగురు గట్టు మీద సరిగ్గా కూర్చోవాలి. పక్కకు జరిగితే నమిలినప్పుడల్లా సెట్టు ఎగురుతుంది. అన్నీ తిన్నగా పేర్చితే కొత్త ప్రహరీగోడలా ఉంటుంది. అందుకని ముసలివాళ్లకు ఒక పన్ను చిటికెడు తిప్పుతాను. తర్వాత ఆ మైనం పళ్లను మనిషి నోట్లో పెట్టి చూస్తాం. మాట్లాడమంటాం. అద్దం ఇస్తాం. సరే అన్నాకే మైనం తీసేసి గట్టిది పోస్తాం. ఆ తర్వాత ఏ పన్నూ జరగదు.

ఈ వారం ఆ మైనం పళ్లతోనే ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అది రాయకుండా మిగతాది రాయలేను.

నెల్లికుదురు అవతల తాండా నుంచి కాళి అనే ముసలామె వచ్చింది. నోట్లో ఒక్క పన్ను లేదు. మా అమ్మ వయసు. అమ్మను పిలిచినట్టే యాడీ అని పిలుస్తాను. బుధవారం మధ్యాహ్నం మైనం పళ్లు నోట్లో పెట్టి అద్దం చేతికిచ్చాను. అద్దం పట్టుకుంది కానీ అందులోకి చూడలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది.

"యాడీ, చూసి చెప్పు. బాగున్నయా?"

"నాకేం ఎరుక కొడుకా? నా మొగం నేనెప్పుడు జూసిన? మా ముసలాయన జూడాలె."

ముసలాయన పేరు రెడ్యా. పక్షవాతంతో కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయి మంచంలో ఉన్నాడు.

మా డాక్టరమ్మ పద్మలత పక్క కుర్చీలో ఇంకొకరి పన్ను చూస్తూనే అంది: "ఇంట్లోవాళ్లు చూస్తే మంచిదేనమ్మా. గట్టిగా చేశాక మార్చలేం. రేపు ఎవరినైనా వెంట తీసుకురా."

నేను లోపలికి పోయి కత్తి వేడి చేసుకొని వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అద్దం కుర్చీలో ఉంది. బాత్రూమ్ వైపు చూశాను, వరండాలో చూశాను. ఊడ్చే గట్టమ్మ మెట్ల దగ్గర కూర్చొని ఉంది.

"కాళి యాడి ఏది?"

"పోయింది సారూ. నేనే చెయ్యి వట్టి మెట్లు దించిన."

"పళ్లు?"

"నోట్లనే ఉన్నయి. ఇంట్ల జూపిచ్చి తెస్తనన్నది. చీరెలు తీస్కవోమా? గట్లనే."

అప్పుడు అర్థమైంది. ఇక్కడి బట్టల దుకాణాల్లో తాండా ఆడవాళ్లకు చీరలు మూటకట్టి ఇస్తారు. డబ్బు అడగరు. వాళ్లు ఇంట్లో చూపించి, నచ్చితే ఉంచుకొని, లేకుంటే మర్నాడు తెచ్చి ఇస్తారు. మీ అమ్మ కూడా అట్లా ఎన్ని తెచ్చి నా ముందు మంచం మీద పరిచిందో. డాక్టరమ్మ మాట కాళికి అట్లాగే వినిపించింది. ఇంట్లోవాళ్లు చూస్తే మంచిదని పెద్ద మనిషే చెప్పింది. తీసుకుపోయింది.

బయట మే ఎండ. ఆ మైనం మన నోటి వేడికి కాసేపు ఆగుతుంది. ఎక్కువ వేడికి ఆగదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే? వేడి ఛాయ్ తాగితే? మైనం మెత్తబడితే పళ్లు ఒక్కొక్కటే వదులుతాయి. పన్ను చిన్నది. నున్నగా ఉంటుంది. గొంతులో ఏ దారిలో పోవాలో దానికి తెలియదు. కడుపులోకి పోతే నయం. రెండో దారిలో పోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. మీ అమ్మకు పోయింది పన్ను కాదు, మెత్తటి అన్నం మెతుకులు. వరంగల్ దవాఖానలో ఆ తొమ్మిది రోజులు నువ్వూ నా పక్కనే నిలబడ్డావు.

కాళి రాయించిన నంబరు ఆమె మనవడిది. అతను పని మీద కరీంనగర్‌లో ఉన్నాడు. ఎత్తలేదు. డాక్టరమ్మ ముఖం తెల్లబోయింది. "ప్రేమ్‌సింగ్, నువ్వు బండి తీయి. నేను ఫోన్ చేస్తూనే ఉంటా" అంది. తీశాను.

దారిలో ఎక్కడ మనుషులు గుమిగూడి కనిపించినా బండి ఆపి చూశాను. ఒకచోట మామిడికాయల బేరం. ఒకచోట ట్రాక్టర్ చెడిపోయింది. నాకు మాత్రం ప్రతి గుంపు మధ్యలో ఆమె పడి ఉన్నట్టే అనిపించింది.

నెల్లికుదురు బస్సు దిగేచోట మున్నవర్ బేగం అనే ఆమెది ఛాయ్ బండి. కొంగు నోటికి కప్పుకున్న ముసలామె కనిపించిందా అని అడిగాను.

"గా యాడియా? వచ్చింది భాయ్. ఛాయ్ తాగింది. మూతి మీద కొంగు తియ్యకుంటనే తాగింది. కొత్త పెండ్లికూతురివా అని నవ్విన. మాట్లాడలే."

"వేడి ఛాయా?"

"సల్ల ఛాయ్ ఎవలన్న అమ్ముతరా భాయ్?"

"ఏ గ్లాసులో తాగింది?"

ఆమె ఎంగిలి గ్లాసుల బకెట్ చూపించింది. చొక్కా చేతులు కూడా మడవకుండా అందులో చెయ్యి పెట్టాను. టీ పొడి, ఈగలు, గ్లాసులు. అడుగున వేలికి తగిలింది. తీసి చూశాను. పైవరుసలో ఎడమ పక్కది. నేను చిటికెడు తిప్పిన పన్ను.

"యా అల్లా! నా బకెట్ల పన్నేంది?" అని బేగం అరిచింది. "భాయ్, గీ ముచ్చట ఎవలకు చెప్పకు. రేపటికెల్లి నా ఛాయ్ ఎవలు తాగుతరు?"

ఒకటి ఇక్కడ దొరికింది. అంటే మైనం వదిలింది. మిగతావి ఎక్కడున్నాయో తెలియదు. ఆ పన్నును జేబులో వేసుకొని తాండాకు పోయాను. ఎట్లా పోయానో గుర్తు లేదు.

తాండాలో అడగక్కర్లేకపోయింది. ఒక ఇంటి ముందు రేకుల పందిరి కింద ఆడవాళ్లు పదిమంది నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. నవ్వుతున్నారు. లోపల నులక మంచం మీద రెడ్యా. మంచం పక్కన నేల మీద కాళి. బతికే ఉంది. పెదవులు గట్టిగా బిగబట్టి, రెండు చేతులతో కొంగు నోటికి అదుముకొని కూర్చుంది. నన్ను చూసి కళ్లు పెద్దవి చేసింది. లేవబోయింది.

"కదలకు యాడీ. మాట్లాడకు."

ఎడమ దవడ ఉబ్బెత్తుగా ఉంది. చూడగానే తెలిసింది. పళ్లు ఊడాయి. ఉమ్మేస్తే పోతాయని, పరాయి సొమ్మని, వాటిని దవడలో దాచుకుంది. నెల్లికుదురు నుంచి అట్లాగే వచ్చింది.

ఆడవాళ్లలో ఒకామె అంది: "వచ్చినప్పటికెల్లి గిట్లనే ఉన్నది సారూ. జూపియ్యి అంటే జూపియ్యది. బంగారం పండ్లు పెట్టిన్రా ఏంది?"

రెడ్యా ఆమె వైపు తల తిప్పాడు. పక్షవాతం వల్ల మాట ముద్దగా వస్తుంది. అయినా వినిపించేటట్టే అన్నాడు: "ఉండనియ్యిర్రి. పెండ్లయిన కొత్తల్నే గిట్ల నోరు మూస్కుంటే నేను మంచంల వడకపోదును."

అందరూ గొల్లుమన్నారు. కాళి భుజాలు కదిలాయి. నవ్వు వస్తోంది.

"నవ్వకు!" అని అరిచాను.

ఆలస్యమైంది. నవ్వు లోపలికి పీల్చుకుంది. దగ్గు వచ్చింది. తర్వాత దగ్గు కూడా ఆగిపోయింది. నోరు తెరిచింది కానీ శబ్దం రాలేదు. చేతులు గొంతు దగ్గరికి పోయాయి.

బిడ్డా, నేను కదల్లేదు. నాకు తెలుసు. ముందుకు వంచాలి, రెండు భుజాల మధ్య అరచేతితో కొట్టాలి. వరంగల్లో నర్సు నాకు నేర్పింది. నేను ఆమెకు రెండు అడుగుల దూరంలో ఉన్నాను. కాళి ముఖం నల్లబడుతుంటే నాకు కనిపించింది ఆమె ముఖం కాదు. నా చేతులు లేవలేదు.

కొట్టింది రెడ్యా. మంచం అంచు మీదికి ఒరిగి, పడిపోని ఎడమ చేత్తో ఆమె వీపు మీద కొట్టాడు. "వంగే! కిందికి వంగు!" అంటూ మళ్లీ కొట్టాడు. ఆమె ముందుకు పడింది. ఒక పన్ను మట్టిలో పడింది. దాని వెనక దగ్గు, ఎంగిలి, ఇంకో పన్ను. తర్వాత పెద్దగా గాలి పీల్చిన చప్పుడు. అప్పుడు నా చేతులు కదిలాయి. మెడ కిందికి వంచే ఉంచి, నోట్లో వేలు పెట్టి పైసెట్టు, కిందిసెట్టు బయటికి తీశాను. మైనం జారి ఒక పక్కకు వేలాడుతోంది. పళ్లన్నీ ఇటుక మీద పెట్టి చూశాను. జేబులోది కలిపితే అన్నీ సరిపోయాయి. ఇంకోసారి చూశాను.

కాళికి మాట వచ్చాక అడిగిన మొదటి మాట: "పాడుజేసిన్నా కొడుకా? డాక్టరమ్మ తిడతదా?"

బయటికి పోయి గోడ పట్టుకొని నిలబడ్డాను.

డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఊపిరి, గొంతు, మాట సరిగా ఉన్నాయా అని అన్నీ అడిగింది. ఇక పోదామనుకుంటుంటే కాళి జొన్నరొట్టె, పచ్చి పులుసు గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. వద్దన్నాను. మళ్లీ పెట్టింది. వద్దన్నాను.

రెడ్యా చూస్తున్నాడు. "తాండోనివే గద, మా రొట్టె చేదయిందా?"

"చేదు కాదు బాపూ. తినలేను."

"పండ్లు చేసెటోనికి పండ్లు లేవా?"

ఆడవాళ్లు మళ్లీ నవ్వారు. నేను నవ్వలేదు.

"పళ్లున్నయి. మింగలేను."

ఎవరితోనైనా ఈ మాట అనడం అదే మొదటిసారి. నీతో కంటే ముందు వాళ్లతో అన్నాను. అందుకు ఏమీ అనుకోకు. రెడ్యా ఆడవాళ్లను పొమ్మని చెయ్యి ఊపాడు.

"గొంతుల ఏమన్న ఉన్నదా?"

"లేదు. వరంగల్లో డాక్టర్ గొట్టం వేసి చూసిండు. ఏం లేదన్నడు."

"మరి? భయమా?"

"భయమే."

"ఎవలన్న పోయిన్రా గట్ల?"

మీ అమ్మ సంగతి చెప్పాను. విజయ అని పేరు కూడా చెప్పాను.

మనోరమా, ఇదీ సంగతి. మీ అమ్మ పోయినప్పటి నుంచి నేను అన్నం తినడం లేదు. దుఃఖంతో మానేయలేదు. ఆకలి వేస్తుంది. వండుకుంటాను కూడా. ముద్ద నోట్లో పెట్టుకొని నములుతాను. మింగబోయేసరికి గొంతు మూసుకుంటుంది. ఈ ముద్ద ఊపిరితిత్తుల్లోకే పోతుందని గట్టిగా అనిపిస్తుంది. ఉమ్మేస్తాను. జొన్న జావ వడగట్టి తాగుతున్నాను. మజ్జిగ తాగుతున్నాను. వాటికి కూడా ఒక్కో గుటకకు ధైర్యం తెచ్చుకోవాలి. ప్యాంట్లు వదులయ్యాయి. జనగామకు పోతే మీ అత్త విస్తరి ముందు కూర్చోబెడుతుంది, పదిమందిలో నేను ఉమ్మేయడం చూస్తుంది. అందుకే పోలేదు. పని లేదు, ఏమీ లేదు. ఆమెకు నువ్వే ఎట్లాగోలా చెప్పు.

నీకు చెప్పకపోవడానికి కారణం సిగ్గు కాదు. అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు, నాకు కూడా ఏదో అయిందంటే నువ్వు చదువు వదిలి వస్తావని భయం. రావద్దు. అది ముందే చెబుతున్నాను.

రెడ్యాకు కూడా పక్షవాతం వచ్చాక కొన్నాళ్లు ముద్ద దిగలేదట. ఇప్పుడు కాళి తినిపిస్తుంది. నా ముందే తినిపించింది. రొట్టెను పులుసులో నానబెట్టి, చిన్న ముద్ద చేసి, "గదువ కిందికి" అంటుంది. ఆయన తల వంచి గదువ ఛాతీకి ఆనించి మింగుతాడు. అది దిగిందో లేదో చూసి గానీ రెండో ముద్ద పెట్టదు. ప్రతి ముద్దకూ నేను ఆయన గొంతే చూశాను. మధ్యలో ఆమె తిడుతూనే ఉంది. కోడి గంపలోకి రాలేదని, మనవడు ఫోన్ ఎత్తలేదని, బేగం ఛాయ్ నాలుక కాల్చిందని.

"ఒక్కనివే తింటవు గద?" అన్నాడు రెడ్యా. "ఒక్కనివి ఉంటే నీ గొంతు కాడనే చెవి వెట్టి ఇంటవు. ఎవలన్న ఎదురుంగ ఉంటే ఆల్ల లొల్లి ఇంటవు. ఇది మొత్తుకుంటుంటే నాకు గొంతున్నదన్న సంగతే యాదికి రాదు."

"మొత్తుకుంటున్ననా? రేపటికెల్లి నువ్వే కలుపుక తిను," అంది కాళి.

నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. గదువ వంచాను. చాలాసేపు నమిలాను. దిగలేదు. ఇంటి వెనక్కి పోయి ఉమ్మేశాను. కాళి చూసింది. చెంబుతో నీళ్లు ఇచ్చింది.

కాళి పళ్లు మళ్లీ పేర్చాను. శుక్రవారం సాయంత్రం చల్లబడ్డాక సెట్టును చల్లటి నీళ్ల డబ్బాలో పెట్టుకొని, డాక్టరమ్మను వెంటబెట్టుకొని నేనే తాండాకు తీసుకుపోయాను. మా కళ్ల ముందే పెట్టి, మా కళ్ల ముందే తీశాం. రెడ్యా చాలాసేపు చూసి, పళ్లు మరీ తెల్లగా ఉన్నాయని, ఇంట్లో ఎవరో ఆఫీసరమ్మ కూర్చున్నట్టుందని అన్నాడు. రంగు మార్చాను. ఇక నుంచి మైనం పళ్లు పెట్టుకున్న మనిషి కుర్చీ దిగేదాకా నేను పక్క నుంచి కదలను. అయినా రాత్రి పడుకుంటే ఎవరి నోట్లోనో ఇంకా ఉన్నాయేమోనని లేచి బల్ల మీద సెట్లు చూసి వస్తున్నాను.

నీకు వచ్చే శనివారంతో పరీక్షలు అయిపోతాయి కదా. ఆదివారం నేను భూపాలపల్లి వస్తాను. మీ హాస్టల్ దగ్గర ఏదైనా మెస్‌లో మెత్తటి అన్నం, పప్పు చెప్పు. నా ఎదురుగా కూర్చో. నా గొంతు వైపు చూడకు. మాట్లాడుతూ ఉండు. పేపర్లు ఎట్లా రాశావో చెప్పు, నీ గదిలో పిల్లల కొట్లాటలు చెప్పు. మీ అమ్మ సంగతి వద్దు. వస్తే రానీ, ఆపకు. నేను దగ్గితే లేవకు. దగ్గుతున్నంతసేపు గాలి ఆడుతున్నట్టేనని మీకు నేర్పే ఉంటారు. దగ్గు ఆగిపోయి మాట రాకపోతే అప్పుడు లే. ఏం చేయాలో నీకు తెలుసు. నాకూ తెలుసు కానీ, తెలిసిన చేతులు ఆ రోజు లేవలేదు. అందుకే నాకు ఎదురుగా ఇంకో రెండు చేతులు కావాలి.

నువ్వు భయపడతావని తెలిసీ అడుగుతున్నాను. భయపడుతూనే కూర్చో.

ఒక్క ముద్ద దిగితే చాలు. దిగకపోతే పై ఆదివారం మళ్లీ వస్తాను.

ఇట్లు,
వచ్చే ఆదివారం పొద్దున బస్సులో బయలుదేరే
నీ బాపు
ప్రేమ్‌సింగ్